నేలమాళిగలో చెక్కనేల

పూర్ణబోధ స్వామివారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆ రోజున జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి మొహంలోకి ఒకసారి చూసి వేరే సంగతేదో ఎత్తుకునేవారు. వారానికో నెలకో, ఒక్కోసారి అడిగినవాడు తానేమడిగాడో మరిచిపోయాకనో, ఆ జవాబు ఎటునుంచో వచ్చి వాడి ఒళ్ళో పడేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకు చెవుడేమో అనుకునేవారు. పాతవాళ్ళు మాత్రం నోరు తెరిచేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు.

పేరయ్య పాతవాడే. ఆ ఆశ్రమంలో అందరికన్నా పాతవాడు. అయినా ఒక వేసవి సాయంత్రం, పాఠం ముగిసి అందరూ లేవబోతుండగా, ఉండబట్టలేక అడిగేశాడు.

“స్వామీ, గురువుగారి పక్కన ఒక్కరికే చోటుందనుకోండి. అది ముందొచ్చినవాడిదాండీ, వెనకొచ్చినవాడిదా?”

స్వామివారు అతని మొహంలోకి చూశారు. తరవాత మోకాళ్ళు రుద్దుకుంటూ, “నేలమాళిగలో రాయి మహా చల్లగా ఉంటోందోయ్. పోయినేడు కాళ్ళు పట్టేశాయి. ఈ చాతుర్మాస్యానికి చెక్కనేల వేయించుకుంటే బాగుంటుంది,” అన్నారు.

అందరూ నవ్వుకుంటూ లేచారు. పేరయ్యకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ప్రశ్న వెనక ఉన్న సంగతి చెప్పాలి. గోదావరి ఒడ్డున, కొండలు మొదలయ్యే చోట, పూర్వం ఎవరో దొర కట్టించుకుని వదిలేసిపోయిన బంగళాలో ఉండేది ఆ ఆశ్రమం. ఎండాకాలం పడుకోవడానికి దొర దాని కింద ఒక నేలమాళిగ తవ్వించుకున్నాడు. ఆషాఢం నుంచి వానలు కురిసినన్నాళ్ళూ స్వామివారు ఊరు కదలకుండా ఆ నేలమాళిగలోనే దీక్షలో కూర్చునేవారు. పైన వచ్చేపోయే జనంతో సందడిగా ఉంటుంది కనక, పైన చెప్పని పాఠం అక్కడ చెప్పేవారు. అది వినడానికి ఒక్క శిష్యుణ్ణే లోపలికి తీసుకెళ్ళేవారు. ఏటా ఆ ఒక్కడూ పేరయ్యే. ఎవరూ కాదనలేదు, కాదనాల్సిన అవసరమూ రాలేదు.

అలాంటిది, రెండేళ్ళ కిందట కోటిలింగం వచ్చాడు. నది మీద పడవలు కట్టేవాళ్ళ ఇంటి పిల్లవాడు. ముప్పై దాటలేదు. గొంతు మంచిది, జ్ఞాపకం ఇంకా మంచిది. అన్నిటికన్నా పెద్ద తప్పు, వాడికి పేరయ్య అంటే నిజంగానే గౌరవం. ఎదుటివాడు పొగరుబోతైతే ద్వేషించడం తేలిక. వాడేమో “అన్నగారూ, అన్నగారూ” అంటూ వెనకాలే తిరిగేవాడు, చెంబుతో నీళ్ళు అందించేవాడు. పేరయ్య ఆ నీళ్ళతోనే కాళ్ళు కడుక్కుంటూ కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ సామెత పుట్టించినవాడు ఎవడో తనలాంటి చెవే అయివుంటాడని పేరయ్యకు గట్టి నమ్మకం. స్వామివారు కోటిలింగం వైపు తిరిగి తల ఊపితే ఆ పూట పేరయ్యకు అన్నం సయించేది కాదు. తన వైపు తిరిగి ఊపితే, ఇందాక వాడికి ఊపినదానికన్నా తక్కువ ఊపారా అని లెక్క చూసుకునేవాడు.

ఇక ఈ ఏడు లోపలికి తీసుకెళ్ళేది కోటిలింగాన్నే అని వంటింట్లో గుసగుసలు మొదలయ్యాయి.

మర్నాడు స్వామివారు ఇద్దర్నీ పిలిచారు. “పేరయ్యా, కలప సంగతి నీకు తెలుసు. నేల నువ్వు వేయించు. కోటిలింగం చేతికింద ఉంటాడు,” అన్నారు. అది సబబైన మాటే. పేరయ్య పూర్వాశ్రమంలో రాజమండ్రిలో కలప అడితి నడిపిన మనిషి. చెక్కను తట్టి చూసి అది ఏ కొండది, ఎప్పుడు కోసింది చెప్పగలడు. ఆ అడితి ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. కబురు పంపితే మంచి టేకు చెక్కలు బండి కట్టి పంపించాడు.

ముగ్గురూ మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళారు. కింద పాత బండపరుపు. చుట్టూ రాతిగోడ. ఒక గోడకి పైన, బయట నేలకు సమంగా, ఇనుప చువ్వల చిన్న కిటికీ. మెట్ల దగ్గర లోపలికి తెరుచుకునే బరువైన తలుపు. పేరయ్య బండల మీద అరచెయ్యి ఆనించి చూసి, చెప్పాల్సిన నాలుగు మాటలూ మనసులో పేర్చుకున్నాడు. ముందు బండల కింద చెమ్మ ఉందో లేదో చూడాలి. ఉంటే తారుపట్టా పరవాలి. చెక్కలు వచ్చినవి వచ్చినట్టు బిగించకుండా కొన్నాళ్ళు ఈ గదిలోనే పడుకోబెట్టాలి. గోడ వారన వేలెడు సందు వదిలి, దాని మీద సన్నపట్టీ వేసి కప్పాలి. గొంతు సవరించుకున్నాడు.

ఈలోగా కోటిలింగం అన్నాడు: “స్వామీ, ఈ టేకు రోహిణి ఎండలో ఎండిపోయి ఉందండి. వానల్లో నీళ్ళు తాగుతుంది. మా పడవల్లో అయితే అది ఉబ్బాలనే చూస్తాం, అతుకులు పూడుకుంటాయని. నేలకి ఉబ్బితే కష్టమండి. కొన్నాళ్ళు ఇక్కడ పెట్టి, గోడ వారన కాస్త సందొదిలితే మంచిదేమో. ముందు చెమ్మ చూస్తే ఇంకా మంచిది.”

“బాగా చెప్పావు,” అన్నారు స్వామివారు.

అంతే. రెండే మాటలు. పేరయ్య నోట్లో పేర్చుకున్న మాటలన్నీ పచ్చి వెలక్కాయలా గొంతుకు అడ్డం పడ్డాయి. తనకు తెలియనిది వాడు చెప్పి ఉంటే ఇంత బాధ లేదు. తనకు తెలిసిందే, తన నోటి దగ్గరికి వచ్చిందే, వాడు ఎగరేసుకుపోయాడు. ఇప్పుడు తానూ అదే అంటే వాడి మాటకు వంత పాడినట్టుంటుంది. అలాగే చేస్తే ఆ నేల కోటిలింగం చెప్పగా పేరయ్య వేసిన నేల అవుతుంది. స్వామివారు దాని మీద కాలు పెట్టినప్పుడల్లా వాణ్ణి తలుచుకుంటారు. ఆ ఆలోచనకే అతని ఒళ్ళు మండిపోయింది.

“పడవలు వేరు, ఇళ్ళు వేరు,” అన్నాడు.

చెమ్మ చూడటానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వంటావిడ మాణిక్యమ్మగారు పప్పులూ వడియాలూ ఏ గదిలో దాచుకోవచ్చో అలాగే తేల్చుకునేది. వేయించిన అప్పడం ఒకటి నేల మీద పెట్టి పైన ఇత్తడి గిన్నె బోర్లిస్తారు. తెల్లారి తీసి చూస్తే అప్పడం కరకరలాడితే నేల పొడి, మెత్తబడితే చెమ్మ. కోటిలింగం సాయంత్రమే ఒక అప్పడం అడిగి తెచ్చి బండ మీద బోర్లించి వెళ్ళాడు.

తెల్లవారుతూనే, కోటిలింగం నదికి స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని, పేరయ్య మెట్లు దిగాడు. గిన్నె ఎత్తాడు. అప్పడం తడిగుడ్డలా వేలాడింది. అంటే వాడు చెప్పిందే నిజం. తారుపట్టా తేవాలి, చెక్కలు ఆగాలి, వాడు అందరి ముందూ వినయంగా తల వంచుకుని నిలబడాలి, స్వామివారు “బాగా చెప్పావు” అని ఇంకోసారి అనాలి. పేరయ్య పైకెళ్ళి వంటింటి డబ్బాలోంచి కరకరలాడే అప్పడం ఒకటి తెచ్చి గిన్నె కింద పెట్టాడు. చేతిలో ఉన్న మెత్తటిదాన్ని ఎక్కడ పారెయ్యాలో తోచలేదు. పారేస్తే కాకి ఎత్తుకెళ్ళి ఎవరి ముందో పడేస్తుందని భయం. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, నోట్లో కుక్కుకుని నమిలి మింగేశాడు. జన్మలో అంత చప్పటి అప్పడం తినలేదు. మింగాక గుర్తొచ్చింది, ఆ రోజు ఏకాదశి.

కోటిలింగం తలారబెట్టుకుంటూ వచ్చి గిన్నె ఎత్తాడు. అప్పడం పటుక్కున విరిగింది. వాడు ఆ ముక్కను చేతిలో తిప్పి చూసి, “నేనే పొరపాటు పడ్డానండి అన్నగారూ,” అన్నాడు. ఆ మాట వినడం కోసమే ఏకాదశి పోగొట్టుకున్న పేరయ్యకు, విన్నాక అనుకున్నంత హాయి కలగలేదు. కొంచెం మాత్రం కలిగింది.

ఆ తరవాత అతను చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు, మొదటిరోజు మనసులో పేర్చుకున్న ఆ నాలుగూ తప్పించి. వడ్రంగులతో పాటు తానూ చిత్రిక పట్టాడు. చెక్కకీ చెక్కకీ మధ్య చీమ దూరే సందు లేదు. గోడ దగ్గరికి వచ్చేసరికి కోటిలింగం బితుకుబితుకుమంటూ, “ఇక్కడ వేలెడు...” అనబోయాడు. “నీకు ఏది చూసినా పడవే,” అని పేరయ్య ఆఖరి చెక్కను సుత్తితో కొట్టి గోడకి ఆనించి బిగించాడు. తలుపు అడుగున నేల ఎత్తుకి సరిపడా కోయించి, వెంట్రుకవాసి సందు మాత్రం ఉంచాడు. నూనె పట్టించి తుడిచాక నేల పంచదార పాకంలా మెరిసింది.

స్వామివారు దిగి వచ్చి చెప్పులు మెట్ల మీద విడిచి, చెక్క మీద అటూ ఇటూ నాలుగు అడుగులు వేశారు. “ఎంత నున్నగా వేశావోయ్!” అని, కూర్చుని, “ఈ ఏడూ నువ్వే రా పేరయ్యా,” అన్నారు.

పేరయ్య కాళ్ళ మీద పడ్డాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళలో భక్తి ఎంతో, తలుపు దగ్గర నిలబడ్డ కోటిలింగం మొహం వాడిపోయిందా లేదా చూడాలన్న ఆత్రం ఎంతో, విడదీసి చెప్పడం కష్టం. లేచి చూశాడు. వాడి మొహం నిజంగానే వాడిపోయింది. అయినా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆ జోడించిన చేతులు చూస్తే పేరయ్యకు గెలిచిన తృప్తి కూడా సగమైపోయింది. అది చాలక, పైకి వచ్చాక అందరూ వింటుండగా ఒక మాట కల్పించి చెప్పాడు.

“స్వామివారి ఆజ్ఞ. దీక్ష పూర్తయ్యేదాకా నేలమాళిగ తలుపు దగ్గరికి ఎవరూ రాకూడదు. ముఖ్యంగా నువ్వు, కోటిలింగం.”

ఆషాఢం వచ్చింది. నదిలో ఎర్రనీళ్ళు దిగాయి. రోజూ పొద్దున పేరయ్య స్వామివారి వెనక మెట్లు దిగి తలుపు మూసేవాడు. ఆయన కిటికీకి ఎదురుగా కూర్చుంటే, అతను కిటికీకి వీపు పెట్టి ఆయనకు ఎదురుగా కూర్చునేవాడు. మధ్యన ఇంకెవరూ లేరు. తాను కోరుకున్నది అదే. అయితే ఈ ఏడు ఒక్కటే వింత. స్వామివారు పాఠం చాలా గట్టిగా చెబుతున్నారు. మూరెడు దూరంలో కూర్చున్నవాడికి పొలం గట్టు మీదనుంచి పిలిచినట్టు చెబుతున్నారు. చూపు కూడా పేరయ్య తల మీదుగా ఎటో పోతోంది. వయసు మీద పడింది పాపం, చెవులు మందగించాయి అనుకున్నాడు పేరయ్య. చూపేమో యోగదృష్టి అనుకున్నాడు.

శ్రావణం మొదట్లో తలుపు నేలకి రాసుకోవడం మొదలైంది. పేరయ్య భుజం ఆనించి ఎత్తి మూసేవాడు. ఒక మూల చెక్కలు కిర్రుమన్నాయి. రెండ్రోజులకి గది మధ్యలో నేల కొద్దిగా లేచింది. స్వామివారు చూడకుండా అతను ఆ ఎత్తు మీద మడమతో తొక్కాడు. తొక్కితే ఇంకోచోట లేచింది. ముక్కిపోయిన వాసన కూడా వచ్చింది. దానికి సాంబ్రాణి వేశాడు. పొగకి స్వామివారికి దగ్గు వచ్చింది. ఇదంతా ఎందుకు జరుగుతోందో తెలియనివాడు కాదు అతను. పైకి వెళ్ళి ఒక్క మాట, “కోటిలింగం, నువ్వన్నదే నిజం, ఉలి పట్టుకురా,” అంటే పూటలో తేలే పని. ఆ ఒక్క మాట తప్ప ఇంకేదైనా అనడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎత్తు మీద చాప పరిచి, పాఠం వినడానికి కూర్చున్నాడు.

ఒకరోజు వాయుగుండం పట్టింది. పొద్దుటినుంచీ ధారగా వాన. పాఠం సగంలో స్వామివారికి ఆయాసం మొదలైంది. ఆ గాలిలో, ఆ తడి వాసనలో, ఊపిరి అందక గోడకి జారగిలపడ్డారు. “కాస్త తలుపు తియ్యి,” అన్నారు.

పేరయ్య తలుపు లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. చెక్కలు లేచి తలుపు అడుగుని మేకు కొట్టినట్టు పట్టేశాయి. చీమ దూరకుండా బిగించిన చెక్కలు, పక్కకి పోవడానికి సందు లేక పైకి లేచాయి.

“మాణిక్యమ్మగారూ!” అని అరిచాడు. “ఎవరండీ అక్కడ!” అని తలుపు బాదాడు. వాన హోరు తప్ప ఏమీ లేదు. ఎవరూ రారు. రావద్దన్నది తనే. గుర్తున్న పేర్లన్నీ పిలిచాడు. తోటమాలిని పిలిచాడు, పాలవాణ్ణి పిలిచాడు. ఒక్క పేరు మాత్రం నోటికి రానివ్వలేదు.

“అన్నగారూ, నేనున్నానండి,” అన్న గొంతు వెనకనుంచి వినబడింది.

తిరిగి చూశాడు. పైన కిటికీ చువ్వల అవతల, తాటాకు గొడుగు కింద, మోకాళ్ళ మీద వంగి, బురదలో కోటిలింగం.

“నువ్వెప్పుడొచ్చావు?”

“నేను రోజూ ఇక్కడే ఉంటానండి. తలుపు దగ్గరికి రావద్దని స్వామివారి ఆజ్ఞ గదండీ. అందుకని ఇటు కూర్చుని వింటున్నాను. తప్పయితే క్షమించండి.”

పేరయ్య స్వామివారి వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి లాగుతున్నారు. ఆ గట్టి గొంతు చెవుడు వల్ల కాదనీ, తల మీదుగా పోయే ఆ చూపు ఈ కిటికీకేననీ అప్పుడు తెలిసింది. తాను ఇన్నాళ్ళూ ఒంటరిగా అనుభవించాననుకున్న పాఠమంతా వాడు బురదలో కూర్చుని పూర్తిగా విన్నాడు. వెన్నులో ఎవరో నిప్పుకణిక పెట్టినట్టయింది. గురువు ఊపిరాడక ఉన్నాడు, బయటికి దారి లేదు, ఎదుట సాయం చేస్తాననే మనిషి ఉన్నాడు. అంతలోనూ అతని నోట వచ్చిన మాట ఏమిటంటే:

“నువ్వొద్దు. వెళ్ళి ఇంకెవరినైనా పంపు.”

“ఎవరూ లేరండి. పశువులపాక కప్పు లేచిపోయిందని అందరూ అటు పరిగెత్తారు. నేను...”

“అయితే వాళ్ళు వచ్చేదాకా ఆగుతాం.”

  స్వామివారి ఛాతీలోంచి పిల్లిపిల్ల కూత లాంటి చప్పుడు వస్తోంది. ఒకసారి ఆగింది.  మళ్ళీ వచ్చింది. ఆ ఆగిన క్షణంలో పేరయ్యకు తెలిసింది, ఈ గదిలో తాను నిజంగా ఒంటరిగా మిగిలిపోవచ్చునని. అప్పుడింక పక్కన చోటు ఎవరిదన్న తగాదా ఉండదు, పక్కన కూర్చోవడానికి మనిషే ఉండడు. పరుగెత్తి కిటికీ కింద పీట వేసుకుని ఎక్కి, చువ్వలు పట్టుకున్నాడు.

“కోటిలింగం! తమ్ముడూ! స్వామివారికి ఊపిరందటం లేదురా. ఏం చెయ్యమంటావో చెప్పు!”

ఏం చెయ్యాలో అతనికి తెలుసు. అయినా వాడి నోట వినాలనిపించింది. కోటిలింగం అప్పటికే లేచి పరిగెత్తాడు. ఒళ్ళంతా బురదతో తిరిగి వచ్చి చువ్వల సందులోంచి ఉలీ, సుత్తీ అందించాడు.

“తలుపు పక్క గోడ వారనున్న చెక్క అండి. వేలెడు మేర చెక్కేయండి. కింది బండ దాకా దిగాలి. మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.”

పేరయ్య మోకాళ్ళ మీద కూర్చుని, తాను నూనె పట్టించి మెరిపించిన చెక్క మీద ఉలి పెట్టి కొట్టాడు. నీళ్ళు తాగిన టేకు మొండికేసింది. కొడుతూ ఏడుస్తున్నాడు, ఏడుస్తూ అరుస్తున్నాడు, వాన హోరులో బయటివాడికి వినబడాలని.

“అప్పడం మెత్తబడిందిరా! నేనే మార్చాను! వేరేది పెట్టి దాన్ని తినేశాను!”

“ఏకాదశి నాడా?” అన్నారు స్వామివారు, కళ్ళు తెరవకుండానే.

“తలుపు దగ్గరికి రావద్దన్నది కూడా స్వామివారు కాదు! నేను కల్పించాను! వింటున్నావా?”

“ముందు చెక్క కొట్టండి అన్నగారూ!” అని పైనుంచి అరిచాడు కోటిలింగం.

పేళ్ళు లేస్తున్నాయి. ఒక బద్ద ఊడివచ్చింది, తరవాత ఇంకోటి. గోడకీ చెక్కకీ మధ్య సందు పడుతూ వచ్చింది. చివరి ముక్క విరిగేసరికి గది మొత్తం ఒక్కసారి కదిలినట్టయింది. బిగబట్టుకుని ఉన్న చెక్కలన్నీ గోడ వైపు జరిగాయి. మధ్యలో లేచిన ఎత్తు, తొక్కినన్నాళ్ళూ దిగనిది, దానంతట అదే సగానికి కుంగింది. పేరయ్య తలుపు పట్టుకుని లాగాడు. కీచుమంటూ వచ్చింది. తడిగాలి చల్లగా లోపలికి కొట్టింది. స్వామివారు దాన్ని నోరు తెరిచి తాగారు.

కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది. కోటిలింగం మెట్లు దిగి వచ్చి గడప అవతలే ఆగిపోయాడు. నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రమ్మని పేరయ్య చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఇద్దరూ స్వామివారి ముందు పక్కపక్కన కూర్చున్నారు, పేళ్ళ మధ్య.

స్వామివారు భుజం మీది కండువా తీసి కోటిలింగానికి ఇచ్చి, “తల తుడుచుకోరా, జలుబు చేస్తుంది,” అన్నారు.

 అంత జరిగాక, కన్నీళ్ళు ఇంకా ఆరకముందే, పేరయ్యలో పాత మంట పాత చోటునే లేచింది. అరచేతులు ఉలి పట్టి బొబ్బలెక్కింది తనకు. కండువా వాడికి. అతనికి తనను చూసి తనకే భయం వేసింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. తల దించుకుని, గోడ వారన తెరుచుకున్న సందువైపు చూస్తూ అడిగాడు.

“స్వామీ, ఈ చెమ్మ ఇంకా కిందనే ఉందండి. ఇది ఎప్పటికి పోతుందండీ?”

ఆ ఒక్కసారి మాత్రం స్వామివారు తన అలవాటు తప్పారు. అడిగిన రోజునే, అడిగిన చోటనే జవాబు చెప్పారు.

“గోదావరి పక్కన ఇల్లు కట్టుకుని చెమ్మ పోవాలంటే ఎలా నాయనా? వేలెడు చోటు వదులు, చాలు.”